దీనమ్మ చేతి మీద గీసిన గుండ్రం

పదకొండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోయగా మోయగా అలవాటైపోతుందనుకున్నాను. కాలేదు. అన్నం కలుపుకునేటప్పుడు గుర్తొస్తుంది. పెళ్ళికి వెళ్ళడానికి పట్టుచీర కుచ్చిళ్ళు పెట్టుకునేటప్పుడు గుర్తొస్తుంది. జ్వరం తగ్గిన వాళ్ళెవరైనా "నీ చేతి చలవ సిస్టరమ్మా" అని దండం పెట్టినప్పుడు మరీ గుర్తొస్తుంది. ఆ చేతిని కొంగు కింద దాచుకోవాలనిపిస్తుంది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు పెగిలింది. పేర్లు మార్చాను. ఊళ్ళు మార్చడానికి మాత్రం మనసొప్పలేదు.

నేను నర్సుని. అప్పట్లో మార్కాపురంలో ఒక చిన్న నర్సింగ్ హోములో చేసేదాన్ని. పన్నెండు మంచాలు, ఒక డాక్టరుగారు, ఇద్దరు నర్సులం. అక్కడ నా చేతుల్లో ఒక మనిషి ప్రాణం పోయింది. ఆమె పేరు దీనమ్మ అనుకోండి. అది తప్పే, చిన్న తప్పు కాదు. కానీ నన్ను తినేస్తున్నది అదొక్కటే కాదు. ఆ చావును తీసుకెళ్ళి ఆమె కోడలి నెత్తిన పెట్టాను. ఆ కోడలు, సుగుణమ్మ, ఇప్పటికీ దాన్ని తనదే అనుకుంటోంది. తనది కాదని చెప్పగలిగిన మనిషిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే.

ముందు నా గురించి చెప్పాలి. నాది పెడసరం నోరు. ఇప్పుడు కాస్త తగ్గింది గానీ అప్పుడు వార్డులో నేను నడుస్తుంటే రోగుల తాలూకు వాళ్ళు కాళ్ళు ముడుచుకుని కూర్చునేవాళ్ళు. మా నాయన తర్లుపాడు దగ్గర పలకల పనిలో రాయి చీల్చి చీల్చి దగ్గు తెచ్చుకున్నాడు. మా ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషిని నేనే. ఆ గర్వం నడకలో ఉండేది. నాకు అన్నీ తెలుసుననే ధీమా ఉండేది. ఛీ, ఏం తెలుసు?

మాకొక పద్ధతి ఉంది. యాంటీబయాటిక్ సూది ఏదైనా మొదటిసారి వేసే ముందు, ఆ మందును బాగా పలచన చేసి ముంజేతి చర్మం కింద చుక్కంత ఎక్కిస్తాం. దాన్ని టెస్ట్ డోస్ అంటాం. ఎక్కించిన చోట చుట్టూ బాల్ పెన్నుతో ఒక గుండ్రం గీసి, పక్కన టైము రాస్తాం. అరగంట ఆగి, ఆ గుండ్రంలో దద్దు లేవకపోతే మందు వేస్తాం. పల్లెల నుంచి వచ్చేవాళ్ళకు కూడా ఆ గుండ్రం తెలుసు. "చేతి మీద గీసినారా?" అని ఒకరినొకరు అడుగుతారు. గీస్తే ఇక భయం లేదని వాళ్ళ నమ్మకం. నిజానికి గుండ్రంలో ఏమీ రాకపోయినా ఒక్కోసారి మందు పడకపోవచ్చు. గుండ్రం కన్నా ముఖ్యం, మందు వేశాక మనిషిని చూస్తూ ఉండటం. ఇప్పుడు కొత్త పిల్లలకు ఇవన్నీ నేనే చెబుతాను. వాళ్ళు తలలూపి రాసుకుంటారు.

ఆ రోజు జ్వరాల కాలం. మంచాలు చాలక వరండాలో చాపలు వేశాం. పుల్లలచెరువు దాటి అడవి అంచున ఉన్న ఒక పల్లె నుంచి దీనమ్మను తెచ్చారు. యాభై ఐదేళ్ళుంటాయేమో. కూలి చేసి గట్టిపడిన ఒళ్ళు, నాలుగు రోజుల జ్వరానికి వడలిపోయి ఉంది. దగ్గు, కఫం. వెంట కొడుకు యోహాను, కోడలు సుగుణమ్మ. డాక్టరుగారు చూసి, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందని చెప్పి, సూది రాసి, భోజనానికి ఇంటికి వెళ్ళారు. రెండో నర్సు ఆ రోజు సెలవు.

పక్క మంచం మీద బజారులో దుకాణమున్న వాళ్ళ ఇల్లాలు. ఆమెకూ అదే సూది రాశారు. వాళ్ళబ్బాయి తల దగ్గరే నిలబడి, ప్రతి మందు పేరూ అడిగి ఫోనులో చూసుకుంటున్నాడు. ఆమెకు టెస్ట్ డోస్ చేశాను. గుండ్రం గీశాను, చక్కగా. టైము రాశాను. అరగంట ఆగాను.

దీనమ్మకు నేరుగా వేసేశాను.

ఎందుకు? పదకొండేళ్ళుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇది. పని ఒత్తిడి అని కొన్నాళ్ళు జవాబు చెప్పుకున్నాను. పన్నెండు మంచాలు, అన్ని చాపలు, ఒక్కదాన్ని, కాళ్ళు లాగేస్తున్నాయి, పొద్దుటి నుంచి టీ చుక్క కూడా పడలేదు, ఇవన్నీ నిజాలే. అయితే ఇవే నిజాలు పక్క మంచానికి ఎందుకు అడ్డం రాలేదు? అక్కడ అడిగేవాడున్నాడు కాబట్టి ఆగాను. ఇక్కడ అడిగేవాళ్ళు లేరు కాబట్టి ఆగలేదు. అంతే. పలకల పనివాడి కూతురిని, నేనే ఆ పని చేశాను. ఇది రాయడానికి నాకు సిగ్గేస్తోంది, కానీ దీనికి ఇంకో కారణం వెతికి వెతికి విసిగిపోయాను.

ఇంతకుముందు ఏ మందైనా పడలేదా అని కూడా ఆమెను అడగలేదు. ఒక్క మాట. అడిగి ఉంటే ఏం చెప్పేదో నాకు ఎప్పటికీ తెలియదు.

సూది వేసేటప్పుడు సుగుణమ్మ అక్కడ లేదు. అత్తకు రెండు ముద్దలు తినిపించి, టిఫిన్ గిన్నె కడగడానికి వెనక కుళాయి దగ్గరికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి నేను సూది తీసి దూది అద్దుతున్నాను. నాలుగైదు నిమిషాలైందో లేదో, దీనమ్మ రెండు అరచేతులూ చీరకేసి రుద్దుకుంటూ నన్ను పిలిచింది. అరచేతులు ఒకటే దురదగా ఉన్నాయంది.

నేను నవ్వాను. "అరచెయ్యి దురద పెడితే డబ్బులొస్తయ్ పెద్దమ్మా, రెండు చేతులకూ వస్తన్నాయంటే నీ పంట పండినట్టే" అన్నాను. చుట్టుపక్కల మంచాల వాళ్ళు కూడా నవ్వారు. దీనమ్మ కూడా నవ్వింది పాపం.

మందు పడని మనిషికి మొట్టమొదట దురద పుట్టేది చాలాసార్లు అరచేతుల్లోనే, అరికాళ్ళలోనే. అది నేను చదువుకున్నదే. పరీక్షలో రాసిందే. కానీ ఆ క్షణంలో నా నోటికి వచ్చింది చదువు కాదు, మా ఊరి మాట. నా వీపు ఆమె వైపు తిప్పి వరండాలోకి వెళ్ళిపోయాను.

సుగుణమ్మ కేక వేస్తే వెనక్కి వచ్చాను. అప్పటికి దీనమ్మ మెడ మీదా పొట్ట మీదా ఎర్రగా దద్దులు. పెదవులు ఉబ్బాయి. గొంతు బొంగురుపోయింది. "నాకేందో అవతా ఉంది తల్లీ" అంటోంది. అప్పుడు కూడా నేను చేయాల్సింది చేయలేదు. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టాలి, నేను లేపి కూర్చోబెట్టాను. నీళ్ళు తాగించబోయాను. ట్రేలో అన్నిటికంటే ముందు వరుసలో అడ్రినలిన్ ఉంది. తొడ కండలోకి వెంటనే ఇవ్వాల్సిన మందు అదే. ఆ చిన్న గాజు సీసా నా వేళ్ళ మధ్య ఉంది. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక పెద్ద నర్సు, ఆ మందు గుండెను దౌడు తీయిస్తుందని, డాక్టరు లేకుండా ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుందని భయపెట్టింది. ఆ భయం ఎముకల్లో ఉండిపోయింది. సీసా కింద పెట్టేశాను. దురదకిచ్చే సూది ఇచ్చాను, స్టెరాయిడ్ ఇచ్చాను, డాక్టరుగారికి ఫోను మీద ఫోను చేశాను. ఆయన ఎత్తలేదు. ఆయన ఇల్లు చెప్పి, పిలుచుకురమ్మని యోహానును నా స్కూటరు మీద పంపించాను. దేవుడా దేవుడా అనుకుంటూ తిరిగాను. సమయం అంతా అలా కరిగిపోయింది.

డాక్టరుగారు పరుగున వచ్చి అడ్రినలిన్ ఇచ్చారు. ఛాతీ మీద నొక్కారు. చాలాసేపు నొక్కారు. చెమటలు కారుతూ లేచి నిలబడి నన్ను చూశారు.

"టెస్ట్ డోస్ చేసినావా?" అన్నారు.

"చేసినాను సార్" అన్నాను.

నేను ఆలోచించి చెప్పలేదు. నోరు చెప్పింది. అది నిజమని ప్రమాణం చేయగలను, కానీ నా ప్రమాణానికి విలువెంత? పైగా ఆ తర్వాత చేసింది నోరు కాదు, చేతులు. అవి ఆలోచించే చేశాయి. డాక్టరుగారు బయటికెళ్ళి యోహానుతో మాట్లాడుతున్నారు. సుగుణమ్మ గోడకు తల కొట్టుకుని ఏడుస్తుంటే ఆడవాళ్ళు ఆమెను వరండాలోకి తీసుకెళ్ళారు. నేను తెర లాగాను. సన్న సూది ఒకటి తీసి దీనమ్మ ముంజేతి మీద గుచ్చాను. పెన్ను తీశాను. చెమటకు తడిసిన చర్మం మీద సిరా పట్టలేదు. స్పిరిట్ దూదితో తుడిచి మళ్ళీ గీశాను. గుండ్రం. పక్కన టైము. ఏ టైము రాయాలో లెక్క వేసుకుని మరీ, సూది వేయడానికి అరగంట ముందు టైము రాశాను. ఆమె చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

తర్వాత కేసు షీటు. 'టెస్ట్ డోస్ ఇవ్వబడినది, రియాక్షన్ లేదు.' నా దస్తూరి గుండ్రంగా, పొందిగ్గా ఉంటుందని అందరూ మెచ్చుకుంటారు. ఆ రోజు కూడా వణకలేదు.

ఇక్కడితో ఆగి ఉంటే ఒక పాపమే అయ్యేది. కానీ సుగుణమ్మ లోపలికి వచ్చింది. అత్త చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకోబోయి, ఆగి, ముంజేతి వైపు చూసింది. ఆ తర్వాత మా మధ్య జరిగిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"ఇది ఎప్పుడు గీసినారు సిస్టరమ్మా?"

"సూదికి ముందే గీసినాను. నువ్వు గిన్నె కడగను పోయినావు గదా, అప్పుడు."

"నేను పోయింది ఇంతసేపే గదమ్మా. నేను పోయేటప్పుడు చేతి మీద ఏం లేదు. నేనే గదా ఆ చెయ్యి కడిగింది."

యోహాను తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. అతని వెనక డాక్టరుగారు.

"ఆమెకేం పెట్టినావు?" అన్నాను.

"అన్నం."

"అన్నంలోకి?"

ఆ పిల్ల కడిగి తెచ్చిన గిన్నె వైపు చూసింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో అప్పటికి. "వంకాయ కూర. నాలుగు దినాలుగా నోట్లో ఏం పెట్టుకోలేదమ్మా. అదొక్కటే కావాలని అడిగింది. రెండు ముద్దలే తినింది."

"జ్వరంలో వంకాయా? సూదిమందు పడే మనిషికి దురద కూర పెడతారా ఎవరన్నా? పథ్యం అనేది ఒకటి ఉంటాదని మీ ఇంట్లో ఎవరూ చెప్పలేదా నీకు?"

అంతే. అంతకన్నా ఒక్క మాట కూడా ఎక్కువ అనలేదు. అక్కర్లేకపోయింది. మా వైపు ఇది ఎవరికీ వివరించనవసరం లేదు. మందు వాడేటప్పుడు వంకాయ, గోంగూర, కోడికూర పెట్టరు. ఒళ్ళంతా దద్దులు లేచి పోయిన మనిషి కడుపులో వంకాయ ఉందంటే ఇక విచారణేముంది? యోహాను భార్య వైపు తిరిగి చూశాడు. తిట్టలేదు, కొట్టలేదు. చూశాడు. డాక్టరుగారు ఆ కూరకూ దీనికీ సంబంధం లేదని ఒక్క మాట అంటారేమోనని నాకు భయం. ఆయన నేల చూశారు. సుగుణమ్మ తన చేతులు చూసుకుంది. "ఏమో. గీసినారేమో. నేనే సరిగ్గా చూసుకోలేదేమో" అంది, ఎవరితోనో కాదు, తనతోనే.

తన కళ్ళతో చూసిన నిజాన్ని ఆ పిల్ల చేతే కాదనిపించాను.

గొడవేమీ జరగలేదు. వాళ్ళు పేదవాళ్ళు, దేవుని చిత్తమన్నారు, జీపు మాట్లాడుకుని శవాన్ని తీసుకెళ్ళిపోయారు. డాక్టరుగారు గుండ్రం చూశారు, షీటు చూశారు. "నీ తప్పేం లేదు, కొందరికి ఇట్ల జరుగుతుంది" అని నా భుజం తట్టారు. ఆయన నన్ను నమ్మారు. ఆ నమ్మకానికి నేను అర్హురాలినని మూడు నెలలు నటించి, పెళ్ళి నెపంతో గిద్దలూరు వచ్చేశాను.

తర్వాత సంగతులు ఆ పల్లె నుంచే గిద్దలూరుకు కోడలిగా వచ్చిన ఒకామె ద్వారా తెలిశాయి. నేను అడగలేదు, ఆమే ఏదో మాటల్లో చెప్పుకొచ్చింది. వాళ్ళ ఊళ్ళో ఒక కోడలుందట, తిండి పెట్టి అత్తను చంపుకుందట. ఆడపడుచు ఆ ఇంట్లో నీళ్ళు కూడా తాగదట. క్రిస్మస్‌కు చర్చిలో ప్రేమవిందు చేస్తే ఊరి ఆడవాళ్ళంతా కూరగాయలు తరుగుతారు, ఆమెను మాత్రం పిలవరట. పిలిచినా రాదట. చాపలు దులిపి, వాకిలి ఊడ్చి, ఓ పక్కన కూర్చుంటుందట. ఆమె ఇదంతా నవ్వుతూ చెప్పింది. నేను ఊ కొట్టాను. ఊ కొట్టానండీ. ఎలా కొట్టగలిగానో!

పోయినేడు ఎండాకాలంలో ఒక ఉదయం, గిద్దలూరులో నేను చేసే ఆసుపత్రి ఓపీకి ఒకామె ఆరేడేళ్ళ పాపను ఎత్తుకుని వచ్చింది. జ్వరం, చెవి నొప్పి. పాప తోటకూర కాడలా వేలాడిపోయి ఉంది. పెదవులు ఎండిపోయాయి. నాకు మాస్కు ఉంది. అందరినీ అడిగే ప్రశ్నే అడిగాను, పొద్దున ఏం తిన్నదని.

ఆమె పాపను గుండెకు హత్తుకుని, "ఏం పెట్టలేదమ్మా" అంది. "నిన్న పొద్దుగూకినప్పట్నుంచి ఏం పెట్టలేదు. నీళ్ళు గూడా మీరు తాపమంటేనే తాపుతా. ఏడ్సినా పెట్టలేదు."

గొంతు గుర్తుపట్టాను. మనిషి సగమైపోయింది. ముప్పై రెండేళ్ళకే జుట్టు నెరిసింది. సుగుణమ్మ. చుట్టాలింటికి గిద్దలూరు వచ్చిందట.

పాప ఒళ్ళో నుంచి చెయ్యి చాపి నా బల్ల మీది బిస్కెట్ల వైపు చూపించింది. తల్లి ఆ చేతిని మెల్లగా పట్టుకుని కిందికి దించింది. అది చూశాక కూడా నేను బతికే ఉన్నాను. పాపకు నీళ్ళలో ఉప్పూ చక్కెరా కలిసిన పొడి కలిపి తాగించాను. బిస్కెట్టు ఇచ్చాను. డాక్టరు చూసి, ఇంజక్షను అవసరం లేదని, సిరప్ చాలని చెప్పి పక్క గదికి వెళ్ళారు. "అన్నీ పెట్టొచ్చు, ఏం కాదు" అని సుగుణమ్మతో అన్నాను. ఆమె నమ్మలేనట్టు చూసింది. "అట్లని చీటీ మీద రాసిస్తారా అమ్మా? మా ఇంటాయనకు చూపిస్తా. నా మాట నమ్మడు."

రాశాను. పాలు, ఇడ్లీ, అన్నం, పప్పు, ఏవైనా పెట్టవచ్చు అని. కింద సగం కాగితం ఖాళీగా ఉంది. గదిలో మేం ముగ్గురమే. పెన్ను చేతిలోనే ఉంది. ఇంకొక్క వాక్యం చాలు. మాస్కు తీస్తే చాలు. ఎందుకు తీయలేదు? ఉద్యోగం పోతుందనా? కేసవుతుందనా? మా ఆయనా, పిల్లలూ అసహ్యించుకుంటారనా? అవన్నీ ఉన్నాయి. కానీ వాటన్నిటి కన్నా, ఆమె నా చేతులు పట్టుకుని "మీరు సల్లగుండాల" అంటుందేమోనని భయపడ్డాను. క్షమిస్తే ఏం చేయాలి నేను? చీటీ ఇచ్చేశాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దాచుకుంది. వెళ్ళేటప్పుడు దండం పెట్టింది.

ఆ రోజు రాయలేని వాక్యం ఇప్పుడు రాస్తున్నాను. సుగుణమ్మా, మీ అత్త నీ వంకాయ కూర వల్ల చనిపోలేదు. నేను టెస్ట్ చేయకుండా, అడగకుండా వేసిన సూది వల్ల పోయింది. అరచేతులు దురదంటే నేను నవ్వాను. చేతిలో ఉన్న మందు ఇవ్వలేదు. ఆ గుండ్రం ఆమె పోయాక గీశాను. నువ్వు చూసిందే నిజం. నువ్వు కడిగినప్పుడు ఆ చేతి మీద ఏమీ లేదు.

అమ్మయ్య. రాసేశాను. గుండెల మీది నుంచి ఏదో కొంత దిగింది, కాదనను. కానీ దిగింది నాకు. ఆమెకు ఏం దిగింది? ఆమెకు చదువు రాదు. ఈ కాగితాలు మీరు చదువుతారు, నన్ను తిట్టుకుంటారు, లేదా జాలిపడతారు. ఆమె మాత్రం ఈ పూట కూడా పిల్లకు గరిటెడు కూర వడ్డించే ముందు మొగుడి మొహం చూస్తుంది. ఇది ఆమెకు ఎవరో చదివి వినిపించాలి. ఆ ఎవరో నేను తప్ప ఇంకెవరూ కారు. పుల్లలచెరువు వైపు వెళ్ళే బస్సులు మార్కాపురంలో దొరుకుతాయి. ఈ ఏడాదిలో రెండుసార్లు ఆ బస్టాండు దాకా వెళ్ళాను. రెండుసార్లూ గిద్దలూరు బస్సే ఎక్కి తిరిగొచ్చాను.